అతిథి బయటికి వెళ్ళాక ఏసీ ఎవరు ఆపాలి?

మా ఇల్లు దిండికి దగ్గర, వశిష్ట గోదావరి గట్టున ఉంటుంది. మా మామగారి కాలం నాటి మండువా ఇల్లు. పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డాక ఎనిమిది గదులు బాగుచేయించి, కోనసీమ చూడటానికి వచ్చేవాళ్ళకు అద్దెకివ్వడం మొదలుపెట్టాం. ఒక చిన్న ఇంజను పడవ కూడా ఉంది. నాతో కలిపి తొమ్మిదిమందిమి పనిచేస్తాం: వంటాయన, ఆయనకు సాయపడే అమ్మాయి, గదులు శుభ్రంచేసే ఇద్దరు ఆడవాళ్ళు, సామాను మోసే కుర్రాడు, బట్టలు ఉతికే ఆయన, పడవ సరంగు, తోట చూసే తాతగారు, నేను.

కొన్నేళ్ళ కిందట, మే నెలలో ఒక రోజు. కాలువలు కట్టేసిన కాలం. మాది కాలువ చివరి ప్రాంతం, వేసవిలో బోరు నీళ్ళు ఉప్పగా మారతాయి. ట్యాంకరు తెప్పించి వెయ్యి లీటర్ల ట్యాంకు నింపుకుంటాం. ఆ రోజు పొద్దున్న ఏడింటికి నిండిన ట్యాంకు పదకొండింటికి ఖాళీ. పైకెళ్ళి చూస్తే మూడో గది స్నానాలగదిలో పంపు పూర్తిగా తిప్పి ఉంది, గదులు చూసే పెద్దావిడ నేల రుద్దుతోంది. ఆవిడ ఇల్లు నాకు తెలుసు. వీధి కొళాయి దగ్గర పట్టిన రెండు బిందెలతో ఇంటిల్లిపాదికీ సరిపెట్టే మనిషి. కంచాలు కడిగిన నీళ్ళు కూడా అరటిపిలకకు పోస్తుంది. ఇక్కడ పంపు అలా వదిలేశావేమిటని అడిగితే ఆవిడ ఇలా అంది: "బకెట్టుతో కడుగుతుంటే అతిథులు చూసి ఇది పిసినారి లాడ్జి అనుకుంటారని మీరే అన్నారు కదమ్మా."

అన్నాను. నిజంగానే అన్నాను, మొదటి ఏడాది.

చిన్న లాడ్జీలు, హోటళ్ళు, పడవలు నడిపేవాళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క మాటలోనే ఉంది. మన దగ్గర పనిచేసేవాళ్ళకు పొదుపు నేర్పాలని బయలుదేరతాం. వాళ్ళకు అది మనకన్నా బాగా వచ్చు. వృథా చేయడమే మర్యాద అని మనం నేర్పాం, వాళ్ళు ఒద్దికగా నేర్చుకున్నారు. కాబట్టి పని మన మాటలను వెనక్కి తీసుకోవడంతో మొదలవుతుంది. దాన్ని నేను ఎలా చేశానో, ఎక్కడ బోల్తాపడ్డానో రాస్తాను.

ముందు ఒక వారం నోరు కట్టుకోండి

ఏమీ చెప్పకుండా, ఎవరినీ తిట్టకుండా ఏడు రోజులు చూడండి. పొద్దున్న ఆరింటికి కరెంటు మీటరు అంకె, ట్యాంకు ఎన్నిసార్లు నింపారు, గ్యాస్ బండ ఏ రోజు మార్చారు, చెత్తకుండీ ఎన్నిసార్లు నిండింది, పడవకు ఎంత డీజిలు పోశారు, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి. గదులు ఎన్ని నిండాయో పక్కన రాయడం మరవద్దు. అది లేకపోతే అంకెలకు అర్థం ఉండదు. ఆదివారం బిల్లుతో మంగళవారాన్ని పోల్చి ఎవరినో అనుమానించిన ఘనత నాకుంది.

ఆ వారంలో కారణాలు రాయండి, నేరాలు కాదు. "ఆరో గదిలో ఏసీ 18 మీద ఉంది" అని రాసి ఊరుకోవద్దు. ఎందుకుందో కనుక్కోండి. మా కుర్రాడు అతిథి దిగడానికి గంట ముందే ఏసీ 18 మీద వేసి ఉంచేవాడు. తలుపు తియ్యగానే గది జిల్లుమనాలని చెప్పింది కూడా నేనే. స్టార్ గుర్తుతో వచ్చే గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి నుంచి నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. ఏసీ దానంతట అది 24 మీద మొదలైతే, మావాడు నా మాట నిలబెట్టడానికి ఆరుసార్లు మీట నొక్కి 18కి దింపేవాడన్నమాట.

అందరూ కలిసి కొలవండి

నీళ్ళ సంగతి ఉపన్యాసంతో చెప్పి ఉంటే ఎవరూ వినేవారు కాదు. ఒక మధ్యాహ్నం అందరం మూడో గదిలో చేరాం. ఇరవై లీటర్ల బకెట్టు పంపు కింద పెట్టి, ఫోనులో గడియారం చూశాం. రెండు నిమిషాలకు నిండింది. స్నానాలగది కడగడానికి పది నిమిషాలు పంపు వదిలితే వంద లీటర్లు. ఎనిమిది గదులకు ఎనిమిది వందలు. అంటే ట్యాంకులో ఐదింట నాలుగు వంతులు నేల కడగడానికే పోతోంది, మిగిలిన ఒక్క వంతే స్నానాలకు. ఈ లెక్క నేను వెయ్యలేదు, వంటింట్లో సాయపడే అమ్మాయి వేసింది. ఆ తరవాత పెద్దావిడ ఒక గదిని తన ఇంటి పద్ధతిలో కడిగి చూపించింది. ముందు కొంచెం నీళ్ళు చల్లి, నాననిచ్చి, రుద్ది, చివర్న ఒక్కసారి గట్టిగా కొట్టడం. రెండు బకెట్లు. గది ముందుకన్నా శుభ్రంగా ఉంది, ఎందుకంటే నానబెట్టడం వల్ల మరకలు వదిలాయి.

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి. దానికి ఆవిడ పద్ధతి అనే పేరు. కొత్తగా చేరినవాళ్ళకు ఆవిడే నేర్పుతుంది. పద్ధతి ఎవరిదో వాళ్ళ పేరుమీద ఉంటే దాన్ని వాళ్ళే కాపాడుకుంటారు, మనం వెనక తిరగనక్కరలేదు.

మొదట ఏ పని పట్టుకోవాలో ఎంచుకునేటప్పుడు, వాళ్ళ ఒంటికి కూడా సుఖం కలిగేది ఎంచుకోండి. మాకు నీళ్ళే సరైన మొదలు, ఎందుకంటే ట్యాంకు ఖాళీ అయితే మెట్లమీద బకెట్లు మోసేది వాళ్ళే. భూగోళం వేడెక్కడం గురించి మొదటి నెలలో నేను ఒక్క మాట కూడా ఎత్తలేదు. ఇక్కడి మనుషులకు తుపాన్ల గురించి, ఉప్పునీరు పైకి రావడం గురించి నేను చెప్పేదేముంది? ఒకసారికి ఒక్క మార్పే పెట్టుకోండి. అది ఎవరూ గుర్తుచేయకుండా జరుగుతోందని నమ్మకం కుదిరాక రెండోది. మాకు నీళ్ళకు రెండు నెలలు పట్టింది.

ఎవరి జేబుకు చిల్లు పడుతోందో చూసుకోండి

ఇది ఎవరూ చెప్పరు, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

దుప్పట్లు, తువ్వాళ్ళు రోజూ మార్చకుండా, అతిథి అడిగితేనే మారుద్దామని నిర్ణయించాను. నీళ్ళు, సబ్బు, కరెంటు అన్నీ కలిసొస్తాయి. అందరూ తలూపారు. మూడు వారాలు గడిచినా ఉతికే బట్టల మూట తగ్గలేదు. గదులు చూసేవాళ్ళు నలగని దుప్పట్లు కూడా తీసుకెళ్ళి వేస్తున్నారు. ఎంత అడిగినా సరైన జవాబు రాలేదు. చివరికి పెద్దావిడే చాటుగా చెప్పింది. బట్టలు ఉతికే ఆయనకు నేను లెక్కన ఇస్తున్నాను, ఒక్కో దుప్పటికి ఇంత, ఒక్కో తువ్వాలుకు ఇంత అని. మూట సగమైతే ఆయన ఆదాయం సగమవుతుంది. ఆయన కూతురు కాలేజీలో చదువుతోంది. తోటివాళ్ళు ఆయన కడుపు కొట్టలేక, నా మాట కాదనలేక మధ్యలో నలిగారు.

తప్పు నాది. పర్యావరణం పేరుతో అందరిలోకి తక్కువ సంపాదించే మనిషి జీతం కోస్తున్నానని నాకు తట్టలేదు. ఆయనకు అంతకుముందు ఏడాది సగటున నెలకెంత వచ్చిందో తీసి, దాన్నే నెలజీతం చేశాను. మూట తగ్గిన రోజుల్లో దోమతెరలు, కర్టెన్లు, పడవ మీది దిండుగలీబులు చూసుకుంటాడు. ఆ నెలలోనే మూట తగ్గింది.

సీసాల దగ్గర మళ్ళీ అదే పాఠం చదవాల్సి వచ్చింది, ఒకసారికి బుర్రకెక్కలేదు కనుక. గదికి రోజూ రెండు ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు ఇచ్చేవాళ్ళం. వాటిని ఆపి, మూత ఉన్న గాజు కూజాలు, స్టీలు గ్లాసులు పెట్టాం. కుర్రాడు నాలుగు రోజులు ముభావంగా ఉన్నాడు. ఖాళీ సీసాలు పోగుచేసి పాతసామాను కొనేవాడికి అమ్ముకుంటే వచ్చే డబ్బు వాడి ఫోను ఖర్చుకు సరిపోయేదట. ఇప్పుడు కూజాలు కడిగి నింపే బాధ్యత వాడిది, దానికి జీతంలో కొంత కలిపాను. సీసాలు కొనడం మానేసినందువల్ల మిగిలినదాంతో పోలిస్తే అది చాలా తక్కువ. ఏ మార్పు చేసేముందయినా ఈ ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు వృథా అవుతున్నదాని మీద ఎవరైనా బతుకుతున్నారా?

మధ్యలో ఒక మాట. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషేధం. ప్లాస్టిక్ చేతిసంచుల మందం అదే ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదు. నీళ్ళ సీసాలు ఆ జాబితాలో లేవు, కాబట్టి వాటిని మానడం మన ఇష్టం మీదే ఉంది. ప్లాస్టిక్ గ్లాసుకు బదులు కాగితం గ్లాసు తెచ్చి సంతోషపడవద్దు, దాని లోపలి పూత కూడా సాధారణంగా ప్లాస్టిక్కే.

తిట్లు ఎవరు తినాలి

ఇక ఏసీ సంగతి. అతిథులు సాయంత్రం పడవ మీద మూడు గంటలు తిరిగొస్తారు. వెళ్ళేటప్పుడు ఏసీ ఆపరు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు తాగుతుంది. ఎనిమిది గదులు, మూడు గంటలు అంటే ఒక్క సాయంత్రం ఖాళీ గదులను చల్లబరచడానికి ఇరవై నాలుగు నుంచి ముప్ఫై ఆరు యూనిట్లు.

ఆపేయమని కుర్రాడికి చెప్పాను, ఆపాడు. ఒకాయన తిరిగొచ్చి గది ఉడికిపోతోందని పెద్దగా అరిచాడు. నేను పరుగున వెళ్ళి, ఆయన ముందే కుర్రాడిని కేకలేసి, అతిథికి క్షమాపణ చెప్పాను. ఆ తరవాత దాదాపు ఏడాదిపాటు మా లాడ్జిలో ఎవరూ ఏ మీటా ఆపలేదు. ఎందుకు ఆపుతారు? ఆపితే తిట్లు, ఆపకపోతే ఏమీ లేదు. లెక్క వాళ్ళకూ వచ్చు.

దీన్ని సరిచేయడానికి మూడు పనులు చేశాను. మొదటిది, అందరి ముందూ కుర్రాడికి సారీ చెప్పాను. కష్టమే, కానీ అది లేకపోతే మిగిలినవి పనిచేసేవి కావు. రెండోది, ఈ విషయాల్లో అతిథికి కోపం వస్తే నా దగ్గరకే పంపాలని నిబంధన పెట్టాను: "అమ్మగారి నియమమండీ, ఆవిడతో మాట్లాడండి." నేను తినాల్సిన తిట్లు నెలకు పదిహేను వేల జీతగాడు తినకూడదు. మూడోది, అతిథితో ఏమనాలో అందరం కూర్చుని ఖాయం చేసుకున్నాం. కుర్రాడు ఇప్పుడు గది తాళం తీసుకుంటూ ఇలా అంటాడు: "పడవకి వెళ్తున్నారు కదండీ, ఏసీ ఆపి ఉంచుతాను. మీరు రేవులో దిగగానే సరంగు నాకు ఫోను చేస్తాడు, మీరు వచ్చేసరికి గది చల్లబడి ఉంటుంది." రేవు నుంచి ఇంటికి నడక పది నిమిషాలు. ఇందులో ఎవరికీ ఏమీ తగ్గలేదు. పైగా తమ కోసం ఎవరో కనిపెట్టుకుని ఉన్నారని అతిథులు సంతోషిస్తారు.

"వద్దు" అనే మాట లేని వాక్యం దొరికేదాకా వెతకండి. "తువ్వాలు రోజూ మార్చం" అంటే కొట్టినట్టుంటుంది. "ఉతకాల్సినవి ఈ బుట్టలో వేయండి, తీగమీద ఆరేసినవి మీకే ఉంచుతాం" అంటే చాలు. తువ్వాళ్ళ గురించి అమెరికాలో చేసిన ఒక పరిశోధన 2008లో అచ్చయింది. పర్యావరణాన్ని కాపాడండి అని రాసిన చీటీకన్నా, ఈ గదిలో దిగినవాళ్ళలో ఎక్కువమంది తువ్వాలు మళ్ళీ వాడుకున్నారు అని రాసిన చీటీకి అతిథులు ఎక్కువగా స్పందించారట. నలుగురితో పాటు నారాయణ అనేది మనకు తెలియనిదా? మీ గదుల్లో అది నిజమైన తరవాతే రాయండి, ముందే రాస్తే అబద్ధమవుతుంది.

చెయ్యి చాచినంత దూరంలో

తడిచెత్త, పొడిచెత్త వేరుచేయండని ఆరు నెలలు చెప్పాను. జరగలేదు. తడిచెత్త కుండీ పెరట్లో కొబ్బరిచెట్ల అవతల ఉంది, పొడిచెత్తది వంటింటి గుమ్మం పక్కన ఉంది. ఎసరు పొంగుతుంటే కూరతొక్కలు పట్టుకుని ఎవరు నడుస్తారు? ఒక మూత ఉన్న డబ్బా కత్తిపీట పక్కనే పెట్టి, రోజుకు రెండుసార్లు తాతగారు పట్టుకెళ్ళేలా చేశాం. మరునాడే పని కుదిరింది. మనిషి మారలేదు, కుండీ మారింది.

ఇలాంటివే మరికొన్ని. రాతలు వద్దు, మా ఇద్దరికి చదువు రాదు. స్విచ్చుల పక్కన రంగు చుక్కలు పెట్టాం: ఎర్ర చుక్క ఉన్నవి ముట్టుకోకూడదు (ఫ్రిజ్, నీటిశుద్ధి యంత్రం), పచ్చ చుక్క ఉన్నవి గది ఖాళీ అయితే ఆపేయాలి. ఫినాయిలు చేత్తో ఒంపడం మాని, సీసామూతతో కొలుస్తున్నాం, బకెట్టుకు ఒక మూత. నీటిశుద్ధి యంత్రం వదిలేసే నీళ్ళు పైపుతో ఒక డ్రమ్ములోకి పడతాయి, వరండా తుడవడానికి అవే. ఆ డ్రమ్ము వరండా దగ్గరే ఉంది కాబట్టి వాడుతున్నారు.

మరుగుదొడ్లకు ఆసిడ్ వాడకం తగ్గించడం కొంచెం ఆలస్యమైంది. కోనసీమలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు తగిలే చోట్లున్నాయి. గుంతలోకి మనం పోసింది నుయ్యిలోకి చేరడానికి ఎంతో దూరం వెళ్ళనక్కరలేదు. పైగా బ్లీచింగు, ఆసిడ్ ఎక్కువైతే సెప్టిక్ ట్యాంకులో మలినాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చచ్చి, ట్యాంకు త్వరగా నిండుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, బ్లీచింగ్ పౌడరు, ఆసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు కాలిపోతాయి. మీ దగ్గర గదులు కడిగేవాళ్ళకు ఈ సంగతి తెలుసో లేదో ఇవాళే అడగండి. మావాళ్ళకు తెలియదు. "రెండూ కలిపితే బాగా వదులుతుంది" అని చిన్నావిడ ఎన్నోసార్లు కలిపిందట, దగ్గు వచ్చేదట, కిటికీ తీసుకునేదట. అది విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

వంటింటికి వేరే మర్యాద

వంటాయనతో పొదుపు మాట ఎత్తడం ప్రమాదం. పెళ్ళిళ్ళకు వండి పేరు తెచ్చుకున్న మనిషి. తక్కువ వండమంటే చెయ్యి తక్కువని అన్నట్టే. మొదటిసారి ఎత్తినప్పుడు రెండు రోజులు సెలవు పెట్టాడు.

రెండోసారి వేరే దారిలో వెళ్ళాను. విస్తళ్ళు ఎత్తాక మిగిలిన అన్నం, కూరలు ఒక బకెట్టులో వేసి, స్ప్రింగు త్రాసుతో తూచి, ఆయన ఎదుటే పలకమీద రాయడం మొదలుపెట్టాను. నేనేమీ వ్యాఖ్యానించలేదు. ఐదో రోజు ఆయనే వచ్చి బకెట్టులోకి తొంగిచూసి, "వంకాయ ఎవరూ వదల్లేదు, సొరకాయ మాత్రం అందరూ వదిలేశారు" అన్నాడు. వండినవాడికి అంతకన్నా బాధ ఉండదు. సొరకాయ మానేసి ఆనపకాయ పులుసు పెడతానన్నాడు (రెండూ ఒకటే కదా అంటే, ముక్క తరగడంలో ఉంది అన్నాడు, నేను వాదించలేదు). ఇప్పుడు తూచేది ఆయనే.

అన్నిటికన్నా ఎక్కువ మిగిలేది అన్నం. మొదటి వడ్డనలో కొసరి కొసరి గుమ్మరించడం మన అలవాటు. చిన్న గరిటెతో వేసి, రెండుసార్లు మారు అడగమని వడ్డించేవాళ్ళకు చెప్పాం. అడుగుతూ ఉంటే మర్యాద పెరిగినట్టే ఉంటుంది, ఆకులో మిగలదు. ఉదయం పలహారానికి రాత్రే ఎంతమంది, ఏ టైముకి అని కుర్రాడు అడిగి రాసుకుంటాడు. పెసరట్టు పెనం మీదినుంచి ఆకులోకే వస్తుంది. ముందే వేసి డబ్బాలో పెట్టడం లేదు. పప్పు నానబెట్టాక పొయ్యి ఎక్కించడం, గిన్నెమీద మూత, ఇవి ఆయనకు చెప్పాల్సిన పని లేదు.

భోజనం అరిటాకులోనే పెడతాం, ఆకులు మా తోటవే. తిన్న ఆకులు పక్కింటి గేదెలకు వెళ్తాయి. ఒకసారి ఆకు మడతలో ఎవరో చాక్లెట్ కాగితాలు, పెరుగు కప్పు మూత దాచేశారు. గేదెల ఆయన వాటిని పట్టుకొచ్చి నా చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆకులు ఎత్తే అమ్మాయి ఒక్కో ఆకూ విప్పి చూస్తుంది. ఎవరూ చెప్పలేదు.

పడవ దగ్గర నేను చేసిన పొరపాటు

డబ్బు ఆశ చూపితే ఎవరైనా పొదుపు చేస్తారని నాకో నమ్మకం ఉండేది. సరంగుతో ఒప్పందం పెట్టుకున్నాను: నెలకు ఇంత డీజిలు, మిగిల్చినదాంట్లో సగం డబ్బు నీది. మొదటి నెల బ్రహ్మాండంగా మిగిలింది. రెండో నెలలో అతిథులు మొహాలు ముడుచుకుని రావడం మొదలైంది. మూడు గంటలని చెప్పిన పడవ రెండు గంటల్లో రేవుకు చేరుతోంది. చించినాడ వంతెన దాకా వెళ్ళాల్సింది సగంలోనే తిప్పేస్తున్నాడు. అతన్ని తప్పుపట్టలేను, నేను కొలిచినదాన్నే అతను తగ్గించాడు.

ఒప్పందం రద్దు చేసి అతనితోపాటు రెండు రోజులు పడవలో కూర్చున్నాను. డీజిలు ఎక్కడ పోతోందో అప్పుడు కనబడింది. అతిథులు ఫొటోలు తీసుకునేటప్పుడు ఇంజను ఊరికే తిరుగుతూనే ఉంటుంది. ఆపితే మళ్ళీ అంటుకోదేమోనని అతని భయం. ఇంజను బాగుచేయించాను, భయం పోయింది. ఇప్పుడు వాలున పడ్డాక ఇంజను ఆపి, గెడతో నడిపే పావుగంట మా పడవ ప్రయాణంలో అందరికీ నచ్చే భాగం. కొంగలు ఎగిరిపోవు, నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. "ఇది ఎక్కడా దొరకదండీ, కొంచెంసేపు ఫోను పాటలు ఆపండి" అని సరంగు గర్వంగా చెప్పుకుంటాడు. పాత ఇంజనాయిలు ఒక డబ్బాలో పట్టి మెకానిక్కుకు ఇచ్చేస్తాం, నదిలోకి చుక్క పోదు. చిప్స్ పొట్లాలకు పడవ మధ్యలో వల సంచి కట్టాం.

ఎక్కడ పొదుపు చేయకూడదో కూడా గట్టిగా చెప్పండి. లైఫ్ జాకెట్లు, చీకటిపడ్డాక దీపాలు, గాలి ఎక్కువైతే తిరిగొచ్చేయడం, వీటిలో ఒక్క రూపాయి కూడా మిగల్చవద్దని సరంగుకు చెప్పాను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పటి రోజులు ఈ జిల్లాల్లో ఎవరూ మరిచిపోలేదు.

వాళ్ళ గదిలో ఫ్యాను

మిగిలిన డబ్బును ఏంచేయాలి? మొదట నెలకొకరి ఫొటో గోడమీద పెట్టి మెచ్చుకున్నాను. ఫొటో పడ్డవాళ్ళను మిగిలినవాళ్ళు ఆటపట్టించారు, చిన్నావిడ సిగ్గుపడి తన ఫొటో తనే తీసేసింది. అది అక్కడితో సరి.

తరవాత కరెంటు బిల్లులో కిందటేడు అదే నెలతో పోల్చి తగ్గినదాంట్లో సగం ఒక డబ్బాలో వేశాం. ఏం కొనాలో వాళ్ళనే నిర్ణయించుకోమన్నాను. అంతర్వేది తీర్థానికి వెళ్తారనుకున్నాను. వాళ్ళు అడిగింది వేరే: "మా గదిలో ఫ్యాను మార్చండమ్మా."

వెళ్ళి చూశాను. సిగ్గేసింది. అతిథుల గదుల్లో ముప్ఫై వాట్లలోపే తిరిగే కొత్త రకం ఫ్యాన్లు బిగించి, తీసేసిన డెబ్భై అయిదు వాట్ల పాత ఫ్యాను వీళ్ళ గదిలో వేయించాను. అదీ కిర్రుమంటూ, గాలి సరిగా రాదు. చెత్తబుట్ట లేదు. మంచినీళ్ళు ఇప్పటికీ ప్లాస్టిక్ సీసాల్లోనే, ఎవరో వదిలేసిన పాతవి. లాడ్జి అంతటికీ నేను చెప్పిన నీతులన్నీ ఆ గది గుమ్మం దగ్గర ఆగిపోయాయి. ఫ్యాను నా డబ్బుతోనే మార్పించాను, డబ్బా డబ్బు డబ్బాలోనే ఉంచాను. మీరు ఈ పని మొదలుపెడితే మొట్టమొదట వాళ్ళు కూర్చునే చోటు చూడండి. నేను చివర్న చూశాను.

సంక్రాంతి వారం

సంక్రాంతికి ఎనిమిది గదులూ నిండి, హాల్లో కూడా పరుపులు వేస్తాం. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళేవాళ్ళు తెల్లవారుజామునే టిఫిన్లు అడుగుతారు. ఊళ్ళోంచి నలుగురిని రోజుకూలీకి పెట్టుకుంటాం. ఆ వారంలో పద్ధతులన్నీ కూలతాయి, కూలనివ్వండి. కాకపోతే రెండింటిని మాత్రం వదలకూడదని ముందే అనుకోండి. మాకు అవి పంపు కట్టడం, తడిచెత్త వేరుచేయడం. కొత్తవాళ్ళకు మొదటి రెండు గంటలు పెద్దావిడ నేర్పుతుంది, నేను ఆ దరిదాపులకు వెళ్ళను. యజమాని చెబితే అది ఆజ్ఞ, ఆవిడ చెబితే పని. పండగ అయిన మర్నాడు అందరం టీ తాగుతూ మళ్ళీ ఏది ఎక్కడ మొదలుపెట్టాలో మాట్లాడుకుంటాం. ఎవరు తప్పారో లెక్క తీయం.

ఇప్పటికీ కుదరనిది ఒకటుంది. తోట చూసే తాతగారు తెల్లవారుజామున ఎండుటాకులు కుప్పేసి తగలబెడతాడు. మట్టలు, డొక్కలు ఇంటికి వంటచెరకుగా పట్టుకెళ్ళమన్నాను, పట్టుకెళ్తున్నాడు. ఆకులను గోతిలో వేసి పేడనీళ్ళు చల్లితే ఎరువవుతుందని చెప్పాను, అది తనకు నా పెళ్ళికి ముందే తెలుసన్నాడు. మరి ఎందుకు తగలబెడతావంటే, పొగ లేకపోతే దోమలు అతిథులను పీకేస్తాయట, వాళ్ళు నన్ను తిడతారట. ఆ మాటా నిజమే, దోమలు తగ్గుతాయి. కిందటి నెల అరుగు చుట్టూ దోమతెర కట్టించి, నీళ్ళు నిలిచే గుంటలు పూడ్పించి, కొబ్బరిచెట్ల కింద ఆకులకు పెద్ద గొయ్యి తవ్వించాను. గొయ్యి సగం నిండింది. ఇవాళ ఐదింటికి లేచి కిటికీ తీస్తే పొగ వాసన వచ్చింది, నిన్నటికన్నా కొంచెం తక్కువగా.